మందుల పేటెంట్లు, దేశాల చట్టాలు, మన జేబు: గుంటూరు కొత్తపేట కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తపేటలో ఆస్పత్రుల మధ్య మెడికల్ షాపు నడుపుతున్నాను. చదివింది బీఫార్మసీ, ఖాళీ దొరికితే చదివేవి పేటెంట్ కేసుల తీర్పులు. బిల్లు చూసి "ఇంత రేటేంటండీ" అన్నవాళ్లకు చెప్పినవి, సాయంత్రం పూట వచ్చే ఫార్మసీ పిల్లలు అడిగినవి, మందుల కంపెనీల ప్రతినిధులైన ఎంఆర్‌లతో వాదించుకున్నవి కలిపి ఇక్కడ రాశాను. నా అభిప్రాయాలు కూడా ఇందులో ఉంటాయి, వాటిని దాచే ఉద్దేశం లేదు.

నేను షుగర్ బిళ్లలు కొనుక్కునే మనిషిని. పేటెంట్ చట్టంతో నాకేం పనండీ?

చాలా పని ఉంది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు సంగతే చూడండి. 2025 మార్చి మొదటి వారం దాకా ఒక్కో బిళ్ల 60 రూపాయల దగ్గర్లో ఉండేది, అంటే రోజుకు ఒకటి చొప్పున నెలకు 1,800. పెన్షన్ మీద బతికే పెద్దాయనకు అది చిన్న మొత్తం కాదు, కొందరు పదిహేను బిళ్లలే తీసుకెళ్లి రోజు విడిచి రోజు వేసుకునేవారు. మార్చి 11న మన దేశంలో ఆ మందు పేటెంట్ గడువు తీరింది. ఇక స్టాకిస్టు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, కొత్త కొత్త పేర్లతో డబ్బాలు, చూస్తుండగానే నా ర్యాకులో ఒక అర మొత్తం ఆ ఒక్క మందుతోనే నిండిపోయింది. బిళ్ల పది రూపాయల్లోపు కూడా దొరుకుతోంది. లోపలున్న మందు అదే, మోతాదు అదే, వేసుకునే మనిషీ అదే. తయారుచేసే హక్కు ఒక్క కంపెనీ చేతిలోంచి అందరికీ వచ్చింది, అంతే తేడా.

అదే మందు మీద అమెరికాలో పేటెంట్ ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకంటే ప్రపంచం మొత్తానికి చెల్లే పేటెంట్ అంటూ ఒకటి లేదు. ఏ దేశం ఇచ్చిన పేటెంట్ ఆ దేశంలోనే చెల్లుతుంది, ఏ దేశం చట్టం దానిదే. అందుకే ఒక దేశం పార్లమెంటులో ఒక సెక్షన్ మారితే దాని దెబ్బో, లాభమో ఇంకెక్కడో ఉన్న ఫ్యాక్టరీకీ రోగికీ తగులుతుంది.

పేటెంట్ 20 ఏళ్లంటారు. మరి కొన్ని మందులకు అంతకంటే ఎక్కువ కాలం ఎలా నడుస్తోంది?

దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు లెక్క, మందు బజారులోకి వచ్చిన రోజు నుంచి కాదు. ట్రయల్స్‌కీ అనుమతులకీ ఏళ్లకేళ్లు పోతాయి కాబట్టి ఆ నష్టం పూడ్చమని కంపెనీలు అడుగుతాయి. అమెరికా 1984 నుంచి 5 ఏళ్ల దాకా పొడిగింపు ఇస్తోంది, యూరప్‌లోనూ అలాంటిదే ఉంది, చైనా కూడా చట్టం సవరించి 2021 నుంచి అదే దారి పట్టింది. మన దేశంలో ఈ పొడిగింపు లేదు. వద్దు కూడా. బ్రెజిల్ చట్టంలో పేటెంట్ మంజూరైన రోజు నుంచి కనీసం పదేళ్లు ఉండాలనే నిబంధన ఒకటి ఉండేది, ఆఫీసులో ఫైలు ఎంత ఆలస్యమైతే కంపెనీకి అంత లాభం అన్నట్టు. 2021లో వాళ్ల సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఒకే మందుకు ఒక్కో దేశంలో ఒక్కో తారీఖు ఉండేది ఇందుకే.

ఇంకో దారి కూడా ఉంది. అసలు మందు మీద ఒకటి, దాని లవణ రూపం మీద ఒకటి, బిళ్ల తయారీ మీద ఒకటి, మోతాదు మీద ఒకటి అని పేటెంట్ మీద పేటెంట్ వేసుకుంటూ పోవడం. కీళ్లవాతానికి వాడే హ్యుమిరా ఇంజెక్షన్ చుట్టూ అమెరికాలో వందకు పైగా పేటెంట్లు అల్లారు. ఫలితంగా దాని బయోసిమిలర్లు, అంటే వేరే కంపెనీలు చేసే అలాంటి ఇంజెక్షన్లు, యూరప్‌లో 2018 అక్టోబరులోనే వచ్చేస్తే అమెరికా రోగులు 2023 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

1970 చట్టం గొప్పదంటారు. అంతకుముందు ఏముండేది, అది ఏం మార్చింది?

అంతకుముందు బ్రిటిష్ వాళ్లు చేసిన 1911 చట్టం ఉండేది. స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా అదే నడిచింది. మందుల వ్యాపారం చాలావరకు విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది, ధరలు ఎంత ఘోరంగా ఉండేవంటే అమెరికా సెనేట్‌లో మందుల ధరల మీద విచారణ జరిపిన కెఫావర్ కమిటీయే భారతదేశంలో కొన్ని మందుల రేట్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువని రాసింది. మన ప్రభుత్వం అంతకుముందే పేటెంట్ల సంగతి తేల్చమని జస్టిస్ రాజగోపాల అయ్యంగార్‌ని అడిగింది. 1959లో ఆయన ఇచ్చిన నివేదిక సారం: మన దేశంలోని పేటెంట్లలో అత్యధికం విదేశీయులవే, వాటిలో చాలా వాటితో ఇక్కడ ఏ సరుకూ తయారు కావట్లేదు, కేవలం వేరేవాళ్లు తయారుచేయకుండా అడ్డుపడటానికే పనికొస్తున్నాయి.

దాని మీద పదేళ్లు చర్చలు నడిచాక 1970లో చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. మందులు, ఆహారం విషయంలో వస్తువు మీద పేటెంట్ (ప్రొడక్ట్ పేటెంట్) ఇవ్వం, తయారీ పద్ధతి మీదే ఇస్తాం అన్నారు. మన భాషలో చెప్పాలంటే, మా అమ్మ ఆవకాయ పెట్టే తీరు మీద ఆమెకు హక్కు ఉండొచ్చు, కానీ ఆవకాయ మీదే హక్కు ఆమెదంటే ఇంకెవరూ ఇంట్లో జాడీ పెట్టుకోలేరు. పద్ధతి మీది పేటెంట్ కూడా 5 నుంచి 7 ఏళ్లే. దాంతో ఇక్కడి కెమిస్టులు అదే మందును వేరే దారిలో చేయడం మీద పడ్డారు.

ఇక్కడే మన జిల్లా కథ వస్తుంది. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గారు గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో పెట్టిన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మొదట్లో చేసింది మిథైల్‌డోపా అనే బీపీ మందు ముడిసరుకు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి ఒక్కొక్కళ్లూ ఒక్కో యూనిట్ పెట్టారు. మన గుంటూరు జిల్లావారే నన్నపనేని వెంకయ్య చౌదరి గారు 1981లో నాట్కో మొదలుపెట్టారు. ఈ కెమిస్టులకు తెలివితేటలు, తెగువ ఉన్నాయి సరే, 1911 చట్టమే ఉండుంటే వాటితో వాళ్లు ఏం చేయగలిగేవారు? ఏదో ఒక విదేశీ కంపెనీలో మంచి ఉద్యోగులుగా రిటైరయ్యేవారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా పరిశ్రమకు పునాది ఏదంటే నేను ముందు ఆ చట్టాన్నే చూపిస్తాను.

అంటే మనవాళ్లు ముప్పై ఏళ్లు కాపీ కొట్టారనేగా?

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చట్టం ఇచ్చిన దారిలో, కొత్త రసాయన పద్ధతి కనిపెట్టి తయారుచేయడం దొంగతనం ఎలా అవుతుంది? పైగా ఈ మాట అనే దేశాల చరిత్ర చూడండి. మందుల మీద ప్రొడక్ట్ పేటెంట్ జర్మనీ 1968లో ఇచ్చింది, జపాన్ 1976లో, పెద్ద పెద్ద మందుల కంపెనీలున్న స్విట్జర్లాండ్ 1977లో, ఇటలీ 1978లో, స్పెయిన్ 1992లో. కెనడాలో అయితే పేటెంట్ ఉన్న మందునైనా లైసెన్స్ తీసుకుని చౌకగా చేసుకునే వీలు 1923 నుంచి ఉంది, 1969లో దాన్ని ఇంకా సులువు చేశారు, 1993లో గానీ ఎత్తేయలేదు. తమ పరిశ్రమ కాళ్ల మీద నిలబడేదాకా అందరూ తలుపు తెరిచే ఉంచుకున్నారు, నిలబడ్డాక గడియ పెట్టారు. మనం చేసింది వాళ్లు చేసిందే.

మరి అంత మంచి చట్టాన్ని ఎందుకు మార్చుకున్నాం?

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. దానితోపాటే పేటెంట్ల లాంటి మేధో హక్కుల మీద ట్రిప్స్ ఒప్పందం వచ్చింది. బాగా వెనకబడ్డ దేశాలు తప్ప సభ్యదేశం ఏదైనా సరే అన్ని రంగాల్లోనూ 20 ఏళ్ల ప్రొడక్ట్ పేటెంట్ ఇవ్వాల్సిందే. బయట ఉంటే వ్యాపారం నడవదు, లోపల ఉంటే చట్టం మార్చాలి. మనకు 2005 దాకా గడువిచ్చారు. ఈలోగా దరఖాస్తులు తీసుకుని పక్కన పెట్టే ఏర్పాటు సరిగా చేయలేదని అమెరికా మన మీద ఫిర్యాదు చేసి గెలిచింది కూడా. 1999లో, 2002లో, 2005లో మూడు విడతలుగా మన చట్టాన్ని సవరించారు.

మూడో సవరణే అసలైనది. 2004 డిసెంబరు చివర్లో ఆర్డినెన్స్‌గా తెచ్చారు, 2005 మార్చిలో పార్లమెంటులో బిల్లు పాసైంది. ఈ మధ్యలో జరిగిన గొడవే మనల్ని కాపాడింది. వామపక్షాలు ఒప్పుకోలేదు, రోగుల సంఘాలు రోడ్డెక్కాయి, మన మందుల మీద ఆధారపడ్డ విదేశాల వాళ్లు కూడా ఉత్తరాలు రాశారు. ప్రొడక్ట్ పేటెంట్ రాక తప్పలేదు గానీ, దాని చుట్టూ కొన్ని కంచెలు కట్టించుకోగలిగాం. కింద ఉన్న ప్రశ్నల్లో సగం ఆ కంచెల గురించే.

సెక్షన్ 3(డి) అని పేపర్లో తరచుగా వస్తుంది. ఏంటది?

తెలిసిన మందుకే కొత్త రూపం తెచ్చి పేటెంట్ అడిగితే, ఆ కొత్త రూపం పాతదానికంటే బాగా పనిచేస్తుందని నిరూపించాలి, లేకపోతే పేటెంట్ లేదు. సెక్షన్ చెప్పేది ఇంతే.

దీనికి పెద్ద పరీక్ష గ్లివెక్. ఒక రకం రక్త క్యాన్సర్‌కి వాడే ఇమాటినిబ్ అది. నోవార్టిస్ కంపెనీ దాని మెసిలేట్ లవణంలో బీటా స్ఫటిక రూపం మీద ఇక్కడ పేటెంట్ అడిగింది. కంపెనీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు, మన కంపెనీలు అదే మందుతో చేసిన జనరిక్ 8 నుంచి 10 వేలు. క్యాన్సర్ రోగుల సంఘం, నాట్కో, సిప్లా, హెటిరో, రాన్‌బాక్సీ అభ్యంతరాలు వేశాయి. చెన్నై పేటెంట్ ఆఫీసు 2006లో దరఖాస్తు తిరస్కరించింది. సెక్షనే చెల్లదని కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది, 2007లో అక్కడ ఓడింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది: మందు విషయంలో బాగా పనిచేయడం అంటే రోగం మీద బాగా పనిచేయడమే. ఒంట్లోకి 30 శాతం ఎక్కువగా చేరుతోంది అన్నంత మాత్రాన చాలదు, దానివల్ల రోగికి ఒరిగిన మేలు చూపించాలి.

ఆ తీర్పు తర్వాత ఇక భారత్‌కు కొత్త మందులు రావని విదేశీ పత్రికల్లో చాలా రాశారు. వస్తూనే ఉన్నాయి, నా ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఫిలిప్పీన్స్ అయితే 2008లోనే ఇంచుమించు ఇదే నిబంధనను తమ చట్టంలో పెట్టుకుంది. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా తయారుచేసే జాబితాలో మన దేశాన్ని తప్పు పట్టే కారణాల్లో ఈ సెక్షన్ ఎప్పుడూ ఉంటుంది. నా దృష్టిలో మన చట్టం మొత్తంలో జనానికి బాగా మేలు చేసింది ఈ ఒక్క సెక్షనే.

కంపల్సరీ లైసెన్స్ అంటే ప్రభుత్వం పేటెంట్ లాక్కోవడమా?

కాదు. పేటెంట్ యజమానిదే, రాయల్టీ కూడా అతనికే వెళుతుంది. కాకపోతే అతను ఒప్పుకోకపోయినా ఇంకొకరు తయారుచేసి అమ్ముకునేలా ప్రభుత్వం అనుమతిస్తుంది. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు దాటాక ఎవరైనా సెక్షన్ 84 కింద అడగొచ్చు. జనం అవసరం తీరట్లేదనో, అందుబాటు ధరలో లేదనో, ఇక్కడ ఆ పేటెంట్‌ని వాడట్లేదనో చూపించాలి.

మన దేశంలో ఇలా ఇచ్చింది ఒకే ఒక్కసారి, అది మన నాట్కోకే. బేయర్ కంపెనీ కిడ్నీ, లివర్ క్యాన్సర్ మందు నెక్సావర్ నెల కోర్సు 2,80,428 రూపాయలు. అంటే పల్నాడులో మంచి పొలం అమ్మినా ఎన్ని నెలలు నడుస్తుందో లెక్కేసుకోవాలి. 2012 మార్చి 9న పేటెంట్స్ కంట్రోలర్ పి.హెచ్. కురియన్ ఇచ్చిన ఆర్డరుతో నాట్కో దాన్ని నెలకు 8,880కి అమ్మింది. రాయల్టీ మొదట 6 శాతం, అప్పీలులో 7 శాతం చేశారు. బొంబాయి హైకోర్టు 2014లో సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఆ తర్వాత? క్యాన్సర్ మందు డాసాటినిబ్‌కి ఒకరు అడిగితే 2013లో కాదన్నారు. హైదరాబాద్ కంపెనీ ఒకటి షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్‌కి అడిగితే 2016లో కాదన్నారు. చట్టంలో ఉన్న ఆయుధాన్ని ఒక్కసారి తీసి మళ్లీ బీరువాలో పెట్టేశారు. ఇది నాకు నచ్చదు. లైసెన్స్ నిజంగా ఇవ్వకపోయినా ఇస్తారేమో అన్న భయం ఉంటే చాలు కంపెనీలు ధర దగ్గర దిగొస్తాయి, ఆ భయం పోతే బేరమే ఉండదు. థాయ్‌లాండ్ 2006, 2007ల్లో హెచ్‌ఐవీ, గుండె మందులకు ఇలాంటి లైసెన్సులు ఇస్తే ఒక పెద్ద కంపెనీ కోపంతో ఆ దేశంలో కొత్త మందుల రిజిస్ట్రేషన్లు వెనక్కి తీసుకుంది. అయినా ఆ దేశం వెనక్కి తగ్గలేదు.

మన చట్టం వల్ల ఆఫ్రికాలో ప్రాణాలు నిలిచాయంటారు. అతిశయోక్తి కాదా?

కాదండీ. 2000 సంవత్సరం నాటికి హెచ్‌ఐవీ మూడు మందుల కోర్సు ఏడాదికి పది వేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నారు. మూడు మందులూ వేర్వేరు కంపెనీల పేటెంట్లు. మన దేశంలో అప్పటికి ప్రొడక్ట్ పేటెంట్ లేదు కాబట్టే ఆ మూడింటినీ ఒకే చోట, ఒకే బిళ్లలో కలపడం కుదిరింది.

అదే సమయంలో దక్షిణాఫ్రికా చౌక మందులు తెచ్చుకోవడానికి 1997లో చేసుకున్న చట్టం మీద 39 సంస్థలు కేసు నడుపుతున్నాయి. జనం కళ్లముందు చచ్చిపోతుంటే ఈ కేసేంటని ప్రపంచమంతా అడిగేసరికి 2001 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాయి. ఆ నవంబరులో దోహాలో ట్రిప్స్ ఒప్పందం ప్రజారోగ్యానికి అడ్డు కాకూడదన్న ప్రకటన వచ్చింది. బ్రెజిల్ 2007లో హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్‌కి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చినప్పుడు మొదట మందు వెళ్లింది మన దేశం నుంచే.

ఇప్పుడు దారి కొంచెం మారింది, పేటెంట్ ఉన్న కంపెనీయే మనవాళ్లకు లైసెన్స్ ఇస్తోంది. హెచ్‌ఐవీ రాకుండా ఆరు నెలలకోసారి వేసే లెనాకపావిర్ ఇంజెక్షన్ అమెరికాలో ఏడాదికి 28,218 డాలర్లు. దాని పేటెంట్ ఉన్న గిలియడ్ 2024లో ఆరు కంపెనీలకు లైసెన్స్ ఇచ్చింది, అందులో డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామని 2025లో ఈ రెండు కంపెనీల తరఫున ప్రకటనలు వచ్చాయి. చాలా మంచి వార్త. కానీ ఏ దేశాలకు అమ్మొచ్చో ఆ జాబితా రాసేది పేటెంట్ యజమాని. 120 దేశాల జాబితాలో పేరు లేని మధ్యస్థ దేశాల వాళ్లు ఎవర్ని అడగాలి? చట్టం ఇచ్చే హక్కుకీ కంపెనీ ఇచ్చే లైసెన్సుకీ తేడా అక్కడే ఉంది.

అమెరికా చట్టానికీ మా అబ్బాయి ఫార్మా ఉద్యోగానికీ సంబంధం ఉందా?

ఉంది, సూటిగా ఉంది. 1984లో అమెరికా హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం తెచ్చింది. జనరిక్ కంపెనీ మళ్లీ పెద్ద ట్రయల్స్ చేయక్కర్లేదు, ఒంట్లో అసలు మందులాగే పనిచేస్తుందని చూపిస్తే చాలు. పేటెంట్ చెల్లదని సవాలు చేసి మొదట దరఖాస్తు పెట్టినవాళ్లకు 180 రోజులు మిగతా జనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే వీలు. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ డిప్రెషన్ మందు ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌తో ఆ 180 రోజులు సంపాదించింది, మన దేశం నుంచి మొదటి కంపెనీ అదే. అక్కడి నుంచి హైదరాబాద్, విశాఖ వైపు ప్లాంట్లన్నీ అమెరికా తనిఖీలకు తగ్గట్టు కట్టడం మొదలైంది. మన విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి వెళ్లే పిల్లలు క్యూసీ, క్యూఏ (నాణ్యత పరీక్షలు, నాణ్యత హామీ), రెగ్యులేటరీ అఫైర్స్ (అనుమతుల పని) అని ఉద్యోగాలు చేస్తున్నారే, ఆ శాఖల్లో చాలావాటికి పని పుట్టించింది వాషింగ్టన్‌లో చేసిన ఆ చట్టం.

పేటెంట్ లేకపోతే కొత్త మందులు ఎవరు కనిపెడతారు?

న్యాయమైన ప్రశ్న. ఒక మందు ప్రయోగశాల దాటి బజారుకి రావడానికి బోలెడంత డబ్బు, పదేళ్ల పైన సమయం పడతాయి, మధ్యలో ఎక్కువ భాగం ఫెయిలవుతాయి. కొంతకాలం హక్కు ఇవ్వకపోతే ఆ డబ్బు ఎవరూ పెట్టరు. అంజిరెడ్డి గారికి కూడా సొంత మందు కనిపెట్టాలనే తపన ఉండేది. 1993లో పరిశోధన మొదలుపెట్టి, 1997లో బాలాగ్లిటాజోన్ అనే షుగర్ మందును నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు. అది చివరికి బజారుకి రాలేదు. ఎంత కష్టమో చెప్పడానికే ఈ మాట. తర్వాత 2013లో జైడస్ తను కనిపెట్టిన సారోగ్లిటాజార్ అనే షుగర్ రోగుల మందును బజారుకి తెచ్చింది.

కాబట్టి పేటెంట్లే వద్దని నేను అనను. నిజంగా కొత్త అణువుకి 20 ఏళ్లు ఇవ్వండి, నాకేం బాధ లేదు. పాత అణువుకి కొత్త చొక్కా తొడిగి ఇంకో పదేళ్లు అడిగితేనే బాధ. ఇంకో సంగతి, పేటెంట్ ఆశ ఉన్నంత మాత్రాన పేదవాడి జబ్బుకి మందు రాదు. టీబీకి దశాబ్దాల పాటు కొత్త మందే రాలేదు, ఎందుకంటే ఆ రోగుల దగ్గర డబ్బుల్లేవు. వచ్చిన బెడాక్విలిన్ వెనక కూడా ప్రభుత్వాల, ధార్మిక సంస్థల డబ్బు చాలా ఉంది.

పేటెంట్ ఇవ్వొద్దని మామూలు మనిషి అభ్యంతరం పెట్టొచ్చా?

పెట్టొచ్చు. సెక్షన్ 25(1) ప్రకారం పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. ఇప్పుడు చెప్పిన బెడాక్విలిన్‌కే జరిగింది. జాన్సన్ అండ్ జాన్సన్ దాని ఫ్యూమరేట్ లవణం మీద ఇంకో పేటెంట్ అడిగింది, వస్తే 2027 దాకా నడిచేది. టీబీ వచ్చి, ఆ చికిత్సలోనే వినికిడి పోగొట్టుకున్న ఇద్దరు యువతులు, ముంబై నుంచి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా నుంచి ఫుమెజా టిసిలే, అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో ముంబై పేటెంట్ ఆఫీసు దరఖాస్తు తిరస్కరించింది, అసలు పేటెంట్ ఆ జులైలో ముగిసింది, మన కంపెనీలు తయారీలోకి దిగాయి. దిగాక ఆ లాభం మన దేశంతోనే ఆగలేదు, అంతర్జాతీయ కొనుగోళ్లలో కూడా ధర బాగా తగ్గింది.

2024 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు ఇక్కడే కంచెను కొంచెం వదులు చేశాయి. అభ్యంతరానికి ఇప్పుడు ఫీజు ఉంది, అది విచారణకు తగినదో కాదో ముందు కంట్రోలర్ చూస్తారు. పేటెంట్‌ని దేశంలో ఎలా వాడుతున్నారో చెప్పే ఫారం 27 కూడా ఏటా కాకుండా మూడేళ్లకోసారి ఇస్తే చాలు. ఏటా లెక్క చెప్పడం భారమని కంపెనీలు అన్నాయట. కానీ ఆ లెక్కలు లేకపోతే రేపు ఇంకో నాట్కో సెక్షన్ 84 కింద ఏ కాగితం చూపించి అడగాలి? నిబంధనలే కదా, చట్టం మారలేదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఎస్‌ఎంఏ అనే కండరాలు క్షీణించే జన్యు జబ్బున్న పిల్లల మందు రేటు తగ్గిందని విన్నాం. నిజమేనా?

నిజమే. రిస్‌డిప్లామ్ సీసా 6 లక్షల పైన ఉండేది. నాట్కో తన జనరిక్ తెస్తానంటే రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 మార్చిలో సింగిల్ జడ్జి, అక్టోబరులో డివిజన్ బెంచి స్టే ఇవ్వలేదు, సుప్రీంకోర్టు కూడా కలగజేసుకోలేదు. కంపెనీ ముందే తీసుకున్న పాత పేటెంట్‌ని చూస్తే ఆ రంగంలో పనిచేసేవారికి ఈ మందు తట్టేదే కదా అన్న అనుమానం బలంగా ఉందన్నది కోర్టు లెక్క. నాట్కో సీసా ధర 15,900. పిల్లల కోసం ఫోన్‌పే నంబర్లు పెట్టి చందాలు అడిగిన తల్లిదండ్రులు మన ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్లకు ఈ తేడా ఏంటో నేను చెప్పక్కర్లేదు.

విదేశాలతో వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకుంటున్నాం కదా. మందులకేమైనా ముప్పుందా?

కనిపెట్టుకుని ఉండాలి. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందంలో మందులు అందుబాటులోకి రావడానికి స్వచ్ఛంద లైసెన్సులే మెరుగైన దారి అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. చూడ్డానికి మామూలుగా ఉంటుంది, రేపు కంపల్సరీ లైసెన్స్ అడిగినప్పుడు అదే అడ్డం వస్తుందని నా భయం. రెండోది డేటా ఎక్స్‌క్లూజివిటీ. పేటెంట్ లేకపోయినా, మొదటి కంపెనీ ట్రయల్స్ వివరాల ఆధారంగా జనరిక్‌కు కొన్నేళ్లు అనుమతి ఇవ్వకూడదనడం. ధనిక దేశాలు ప్రతి చర్చలోనూ దీన్ని అడుగుతున్నాయి, ఇన్నేళ్లుగా మనం కాదంటూ వచ్చాం. ఇది ఒప్పుకుంటే 3(డి) ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పేటెంట్ పోయినా కొన్ని మందుల ధర ఎందుకు తగ్గదు?

చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురే అయితే తగ్గదు. ఇంజెక్షన్ రూపంలో వచ్చే బయోలాజికల్ (జీవకణాలతో చేసే) మందులు చేయడం కష్టం, ఖర్చు. ఇంకోటి, మన దగ్గర జనరిక్ కూడా బ్రాండ్ పేరుతోనే అమ్ముతారు, డాక్టరు రాసిన బ్రాండే ఇవ్వాలి కాబట్టి పక్కన సగం ధరకి ఉన్నా మీకు తెలియదు. ఇది పేటెంట్ చట్టం తప్పు కాదు, దాని సంగతి వేరే రాయాలి.

బీఫార్మసీ చదువుతున్నాను అన్నా, ఈ రంగంలోకి రావచ్చా?

తప్పకుండా రా. పేటెంట్ ఏజెంట్ పరీక్షకి సైన్స్ డిగ్రీ ఉంటే చాలు, లా చదవక్కర్లేదు. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై ఆఫీసుకి వెళతాయి. ముందు గ్లివెక్ తీర్పు పూర్తిగా చదువు, కెమిస్ట్రీ వచ్చినవాళ్లకు లాయర్లకంటే బాగా అర్థమవుతుంది.

మా ఇంట్లో పేషెంటుకి నెలకు లక్ష అయ్యే మందు రాశారు. ముందు ఏం చేయాలి?

బ్రాండ్ పేరు కాదు, మందు పేరు రాయించుకోండి. ఆ పేరుతో వేరే కంపెనీల మందు ఉందేమో షాపులో అడగండి, ఉంటే అది వాడొచ్చా అని డాక్టరు గారినే అడగండి, మొహమాటపడొద్దు. పేటెంట్ ఇంకా నడుస్తుంటే, కంపెనీకి పేషెంట్ సాయం స్కీము ఏదైనా ఉందేమో ఆస్పత్రిలో కనుక్కోండి. చాలా ఖరీదైన క్యాన్సర్ మందులకు అలాంటివి ఉంటాయి. క్యాన్సర్ అయితే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద వస్తుందేమో చూడండి, మన గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, అక్కడ కూడా అడగండి. బ్యాచ్ నంబరు, బిల్లు లేకుండా "విదేశాల నుంచి తెప్పిస్తాం" అని వాట్సాప్‌లో అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. డబ్బు సర్దుబాటు కాలేదని బిళ్ల సగం చేసి వేయకండి, ఆ సంగతి దాచకుండా డాక్టరు గారికి చెప్పండి, మందు మార్చడానికి వాళ్ల దగ్గర వేరే దారి ఉండొచ్చు.